లింకులకు శుభలేఖ

ఆ ఏడు వేట నిషేధం ముగిసిన రోజున మా రేవులో పడవలన్నీ నీళ్ళలోకి దిగాయి, మాది తప్ప. మాది ఒడ్డున ఇసుకలో ఒక పక్కకి ఒరిగి, పైన నీలం టార్పాలిన్ కప్పుకుని, వీధిలో కోళ్ళన్నిటికీ కాపురం ఇచ్చింది. దానికేం జబ్బు లేదు. జబ్బల్లా దాని యజమానులకే. ఆ పడవ మా నాన్న వీరబాబుదీ, మా పెద్దనాన్న పల్లంరాజుదీ. పెద్దనాన్న చుక్కాని పట్టి వల వేస్తే, నాన్న ఇంజను చూసుకుంటాడు. ఒకరు లేకుండా ఇంకొకరు వెళ్ళలేరు. ఆ ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు.

కారణం చెబితే నవ్వుతారు. మా పెద్దనాన్న కూతురు వెంకటదుర్గ అక్క పెళ్ళికి ఊరంతటినీ ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారు. మా ఇంటికి మాత్రం నాన్న ఫోనుకి శుభలేఖ ఫొటో ఒకటి వచ్చింది. కింద ఆహ్వానించేవాళ్ళలో నాన్న పేరు కూడా ఉంది. పిలిచేవాడిని మళ్ళీ పిలవడమేంటి, సొంత తమ్ముడేమన్నా చుట్టమా అని పెద్దనాన్న వాదన. పేరు అచ్చు వేయిస్తే సరిపోయిందా, పక్కింట్లోంచి నాలుగడుగులు వేసి మా గుమ్మంలోకి రాలేడా అని నాన్న వాదన. నాన్న పెళ్ళికి వెళ్ళలేదు. మమ్మల్నీ వెళ్ళనివ్వలేదు. పక్కింట్లో మేళం వాయిస్తుంటే మేము తలుపేసుకుని పప్పన్నం తిన్నాం.

అప్పటినుంచి నాన్న చంద్రరావుగారి బోటు మీద కూలికి కలాసీగా వెళ్ళేవాడు. పెద్దనాన్న అరుగు మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేసేవాడు. అమ్మ మాత్రం రోజూ వేరేవాళ్ళ పడవల దగ్గర వేలంలో చేపలు పాడుకుని కాకినాడ బస్సెక్కేది. మా పడవ పక్కనుంచి వెళ్ళేటప్పుడు తల తిప్పుకునేది. ఆ పడవ నీళ్ళలోకి దిగాలని నాకు ఎంత ఉండేదో చెప్పలేను. పరీక్షలు పాసవ్వాలని కూడా అంత ఉండేది కాదు.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. బడి తెరిచిన వారంలోనే రాజమండ్రి నుంచి శాంతికుమార్ మాస్టారని కొత్తాయన వచ్చారు. సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, మాతో కూడా అండి అండి అంటూ మాట్లాడేవారు. మొదటి రోజే మమ్మల్ని కంప్యూటర్ల గదికి తీసుకెళ్ళారు.

"ఇంటర్నెట్‌లో దొరకనిది లేదంటారు. కానీ మీ అమ్మగారికి బస్సు టైము కావాలంటే ఎంతసేపు వెతకాలి? అందుకని మన ఊరికి పనికొచ్చే లింకులన్నీ ఏరి ఒక్క పేజీలో పెడదాం. మీరే ఏరాలి. ఒక్కటే షరతు. ప్రతి లింకూ మీరు తెరిచి, చదివి, అది ఎవరికి ఎందుకు పనికొస్తుందో మీ సొంత తెలుగులో రాయాలి" అన్నారు.

ముందు చెయ్యెత్తినవాడు మణిదీప్. వాడు తెచ్చిన లింకు క్రికెట్ సిక్సర్లది.

"ఇది ఎవరికి పనికొస్తుందండి?" అన్నారు మాస్టారు.

"నాకేనండి."

క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వి, "ఊరికి పనికొచ్చేది తీసుకురండి మణిదీప్ గారూ" అన్నారు. గారూ అనిపించుకున్న సంతోషంలో వాడు ఆ సాయంత్రమే మూడు మంచి లింకులు పట్టుకొచ్చాడు. అలా మొదలైంది. కాకినాడ బస్సుల టైములు, స్కాలర్‌షిప్పులు, టెన్త్ పాఠాలు, గోదావరికి వరదొస్తే నీటిమట్టం చెప్పే పేజీ, పాము కరిస్తే ఏం చెయ్యాలో చెప్పే పేజీ. నేను సముద్రం మీద గాలీ అలలూ చెప్పే పేజీ తెచ్చాను. దాని కింద ఇలా రాశాను: "రేపు అలలు ఎంతెత్తున వస్తాయో ఇవాళే చెబుతుంది. వేటకి వెళ్ళేవాళ్ళ కోసం. ఇంట్లో ఎదురు చూసేవాళ్ళ కోసం కూడా." మాస్టారు అది రెండుసార్లు చదివారు. తర్వాత దాన్ని పేజీలో అన్నిటికన్నా పైన పెట్టారు.

అక్కడితో ఆగి ఉంటే గొడవే ఉండకపోను. మన ఊరివాళ్ళ వీడియోలు కూడా పెడదామని క్లాసంతా పట్టుబట్టింది. నాన్న ఇంజను విప్పి బిగించే వీడియో ఉంది, నేనే తీశాను. పెద్దనాన్న వల అల్లే వీడియో ఉంది, వాళ్ళల్లుడు తీశాడు. మా ఊరి పెద్ద ముసలయ్య తాత జాతరలో అమ్మవారి గరగ కుండ నెత్తిన పెట్టుకుని ఆడిన వీడియో ఉంది. మొత్తం కలిపి ఒక వరసలో పెట్టాం. మాస్టారు అక్షరాల ప్రకారం సర్దారు. అంటే పల్లంరాజు ముందు, ముసలయ్య తర్వాత, వీరబాబు అట్టడుగున.

పేజీ ఇంకా పూర్తికాకుండానే మణిదీప్ దాని లింకు ఊరి వాట్సాప్ గ్రూపులో పడేశాడు.

మర్నాడు ప్రార్థన అయ్యేసరికి బడి గేటు దగ్గర పెద్దలు బారులు తీరారు. అందరూ ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు. మాస్టారు పాపం, పేజీ బాగుందని చెప్పడానికి వచ్చారనుకుని కుర్చీలు వేయించారు.

ముసలయ్య తాత కర్ర నేలకి ఆనించి మొదలుపెట్టాడు. "మాస్టారూ, తమరు చదువుకున్నోరు. ఊళ్ళో పెద్దవాడెవడో కనుక్కోకుండా పేర్లు అచ్చేసేస్తే ఎలాగండి?"

"అక్షరాల వరసండి. పెద్దా చిన్నా ఏం లేదు."

"అదేనండి నేననేది. అక్షరాలకేం తెలుసండి పెద్దా చిన్నా? మనం చెప్పాలి గానీ."

మా వాళ్ళు ఆ పేజీని అచ్చం శుభలేఖ చదివినట్టు చదివారని నాకప్పుడు అర్థమైంది. ఎవరి పేరు పైన, ఎవరిది కింద, ఎవరి పేరుకి ముందు శ్రీ లేదు, ఏ ఇంటి పేరు అసలు లేదు. లింకు మాత్రం ఒక్కరూ నొక్కి చూడలేదు. పిలవని పేరంటానికి ఎలా వెళ్తామండి అన్నారు. మాస్టారు ఆ మాటకి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గాలీ అలలూ చెప్పే పేజీ కూడా అందులోనే ఉంది. దాన్నీ ఎవరూ తెరవలేదంటే మేము పడ్డ పాటంతా దండగే.

ఆ గుంపులో వెనకనుంచి మా పెద్దనాన్న ముందుకొచ్చాడు. మనిషి ఆరడుగులు, మాట ఉరుము.

"నన్ను ఒక్క మాట పిలిచి అడగకుండా నా వీడియో ఎలా పెట్టేరండి? నేనేం పరాయివాడినా? గుమ్మంలోకొచ్చి అన్నా ఇలా పెడుతున్నాం అంటే కాదంటానా?"

అది విని నాకు నవ్వాగలేదు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. పెద్దనాన్న నా వైపు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు టక్కున ఆగిపోయి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

పెద్దలు వెళ్ళాక హెడ్మాస్టరు, "ఎందుకొచ్చిన గొడవండి, ఆ పేజీ తీసెయ్యండి" అన్నారు. మాస్టారు క్లాసులోకొచ్చి బల్ల మీద కూర్చున్నారు. "ఏం చేద్దాం?" అని మమ్మల్నే అడిగారు.

"పిలుద్దామండి" అన్నాను నేను. "పేజీకి ఓపెనింగ్ పెట్టి, బొట్టు పెట్టి పిలుద్దామండి. శుభలేఖ కూడా వేద్దామండి."

నవ్వుతారనుకున్నాను. మాస్టారు మాత్రం, "మా అమ్మ కూడా బొట్టు పెట్టి పిలవందే ఎక్కడికీ కదలదమ్మా. నాకెందుకు తట్టలేదో" అంటూ లేచి బోర్డు దగ్గరికి వెళ్ళారు. శ్రీరస్తు శుభమస్తు అని మొదలుపెట్టి, "మా తొమ్మిదో తరగతి విద్యార్థుల లింకుల పేజీ ప్రారంభోత్సవమునకు తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి" అని క్లాసంతా కలిసి రాశాం. దాన్ని కార్డుల మీదకి ఎక్కించి, మధ్యలో ఫోనుతో తీస్తే పేజీ తెరుచుకునే నలుపు తెలుపు గళ్ళ బొమ్మ అంటించాం. నాలుగు మూలలా పసుపు రాశాం. వెంటనే పెట్టేద్దామంటే ముసలయ్య తాత, "ఆషాఢంలో శుభకార్యం ఏంటండి? శ్రావణం రానివ్వండి" అని మధ్యాహ్నమే కబురు పెట్టాడు. పేజీ అలా శ్రావణ శుక్రవారం దాకా ఆగింది.

ఇంకో చిక్కుంది. మా దగ్గర పిల్లలు ఒంటరిగా వెళ్ళి పిలిస్తే పిలుపు కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు వెంట ఉండాలి. ఎవరి చుట్టాల్ని వాళ్ళే పిలవాలి. ఆ లెక్కన మా పెద్దనాన్నని పిలవాల్సింది మా నాన్న.

ఆ సాయంత్రం నాన్న పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే బడిలో జరిగిందంతా చెప్పాను. తన పేరు అట్టడుగున ఉందని వినగానే, "అక్షరాలు కూడా ఆయన పక్షమే అన్నమాట" అన్నాడు. పెద్దనాన్న గుమ్మంలోకొచ్చి పిలవలేదని మాస్టారిని నిలదీసిన దగ్గరికి వచ్చేసరికి చెంబు కింద పెట్టేశాడు.

"మళ్ళీ చెప్పు. ఏమన్నాడు?"

"నేనేం పరాయివాడినా, గుమ్మంలోకొచ్చి చెప్పాలి కదా అన్నాడు నాన్నా."

నాన్న పెరట్లో నిలబడి పగలబడి నవ్వాడు. పక్కింటి గోడ దాకా వినపడేలా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని అమ్మని కేకేశాడు. "మరిడమ్మా, నా తెల్లచొక్కా ఇస్త్రీ చెయ్యి. కుంకం భరిణె తియ్యి. అరటిపళ్ళు తెప్పించు, మంచి గెల చూసి. పిలుపంటే ఎలా ఉంటాదో ఆయనకి నేను చూపిస్తాను."

అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ ఇస్త్రీపెట్టెకి, నేను భరిణెకి పరుగెత్తాం. ఆలస్యమైతే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని భయం.

మర్నాడు ఉదయం మేం ముగ్గురం బయల్దేరాం. పక్కింటికి వెళ్ళడానికి నాన్న వీధంతా చుట్టి, రచ్చబండ ముందునుంచి, అందరూ చూసేలా నడిపించాడు. తెల్లచొక్కా, భుజాన జరీకండువా, చేతిలో వెండి పళ్ళెం, అందులో పళ్ళు, అక్షింతలు, శుభలేఖ. చూసినవాళ్ళు ఎవరి పెళ్ళండీ అంటే, "లింకులదండి, తప్పకుండా రావాలి" అంటూ వెళ్ళాడు.

పెద్దనాన్న అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. మమ్మల్ని చూసి చేతిలో దారం అలాగే పట్టుకుని లేచి నిలబడ్డాడు. రత్నమాణిక్యం పెద్దమ్మ లోపల్నుంచి వచ్చి, గుమ్మం పట్టుకుని ఆగిపోయింది. నేను వెళ్ళి పెద్దమ్మకి బొట్టు పెట్టాను. బొట్టు కొంచెం పక్కకి పోయింది. ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. దారంతా పాఠంలా అనుకుంటూ వచ్చిన మాటలు మొదలుపెట్టాడు.

"శ్రావణ శుక్రవారం నాడు, మా అమ్మాయి చిరంజీవి నాగదుర్గ, వాళ్ళ క్లాసు పిల్లలు కలిసి తయారుచేసిన లింకుల పేజీ ప్రారంభోత్సవానికి, మీరు, వదినగారు, సకుటుంబ సపరివార సమేతంగా..."

అక్కడికొచ్చి ఆగిపోయాడు. నాన్న పళ్ళెం వైపు చూశాడు. వల వైపు చూశాడు. పెద్దనాన్నని గేలి చెయ్యడానికి వచ్చిన మనిషి కళ్ళు ఎర్రబడ్డాయి.

పెద్దనాన్న ముందుకొచ్చి శుభలేఖ రెండు చేతుల్తో అందుకున్నాడు. కళ్ళకి అద్దుకున్నాడు. తర్వాత, "కూర్చోరా" అన్నాడు.

"కూర్చోడానికి రాలేదు. ఇంకా చాలా ఇళ్ళకి పిలవాలి."

"అన్నం పెట్టకుండా పంపుతానా?" అంది పెద్దమ్మ. పొద్దున్న తొమ్మిదింటికి అన్నమేంటని అడిగేవాళ్ళు మా గోదావరి జిల్లాల్లో ఎవరూ లేరు. ఆవిడ అప్పటికే లోపలికెళ్ళి విస్తర్లు వేసేసింది. రాత్రి వండిన చేపల పులుసు, వేడన్నం. నాన్న కూర్చోనన్నాడు, కూర్చున్నాడు. తిననన్నాడు, కలిపాడు. రెండు ముద్దలు తిని, వెనకటి రోజుల్లోలాగే తలెత్తి, "ఉప్పు తక్కువైంది వదినా" అన్నాడు.

పెద్దమ్మ ఉప్పు డబ్బా తేవడానికి వెళ్ళి, అక్కడే కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయింది. అమ్మ లేచి లోపలికెళ్ళింది. నేను తల వంచుకుని తిన్నాను. ఆ పులుసులో ఉప్పు సరిగ్గానే ఉంది.

ఓపెనింగ్‌కి ఊరంతా వచ్చింది. కంప్యూటర్‌కి పూలదండ వేశారు. ముసలయ్య తాత దాని ఎదురుగా కొబ్బరికాయ కొట్టబోతే మాస్టారు పరుగెత్తుకెళ్ళి కీబోర్డు మీద తన రుమాలు కప్పారు. అక్షరాల వరస అలాగే ఉండనివ్వమన్నాడు తాత, తన పేరు ముందు శ్రీ పెట్టేశారు కాబట్టి. ఆయన వేలితోనే మొదటి లింకు నొక్కించాం. తెర మీద సముద్రం బొమ్మ, గాలి బాణాలు, అలల ఎత్తులు కనపడగానే ఆడవాళ్ళంతా ముందుకు జరిగారు. ఇది మా ఫోనుల్లో ఎలా వస్తాదమ్మా అని ఒక్కొక్కరూ నా చుట్టూ మూగారు. ఆ సాయంత్రం దాకా అదే పని. మాస్టారు ఓ మూల నిలబడి కొబ్బరిముక్క నములుతూ చూస్తున్నారు. అంత సంతోషంగా ఉన్న టీచరుని నేను మళ్ళీ చూడలేదు.

వారం తిరక్కుండా ఒక పొద్దున్న మా గుమ్మం ముందు పెద్దనాన్న, పెద్దమ్మ. ఆయన పట్టు పంచె కట్టుకున్నాడు. ఆవిడ చేతిలో కుంకం భరిణె. పెద్దమ్మ అమ్మకి బొట్టు పెట్టింది. పెద్దనాన్న చేతులు జోడించాడు.

"ఆదివారం పొద్దున్న పడవ దింపుతున్నాం. మీరంతా సకుటుంబంగా రావాలి."

నాన్న మంచం మీదనుంచి దిగ్గున లేచాడు. "నా పడవకి నన్ను పిలవడమేంటన్నయ్యా?"

"ఏమోరా బాబూ. మళ్ళీ పిలవలేదంటావని."

అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. ఇద్దరన్నదమ్ములూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ముందు ఎవరు నవ్వాలో తెలియక, కాసేపు చాలా అవస్థ పడ్డారు.

ఆదివారం మాత్రం పడవ దిగలేదు. పొద్దున్నే మా పేజీ తెరిస్తే గాలి బాణాలు ఎర్రగా ఉన్నాయి. ఆకాశం శుభ్రంగా ఉంది, వెళ్దాం అన్నాడు పెద్దనాన్న. నా కూతురు పెట్టిన లింకు వద్దంటోంది, కదిలేది లేదన్నాడు నాన్న. ఒడ్డున జనం, మేళం, వండిన పులిహోర. గంటసేపు వాదించుకుని, చివరికి పెద్దనాన్న, "సరే, పిల్ల మాట. రేపు" అన్నాడు. మధ్యాహ్నానికి ఇసుక ఎగిరేంత గాలి లేచింది. వచ్చినవాళ్ళంతా పడవ చాటున కూర్చుని పులిహోర తిని వెళ్ళారు.

సోమవారం తెల్లవారుతుండగా అందరం కలిసి తోశాం. బడి యూనిఫాంలోనే నేనూ భుజం ఆనించాను. పడవ కదలనంటే కదలనని మొరాయించి, ఒక్కసారిగా జర్రున జారి నీళ్ళలో పడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"రెండేళ్ళు ఆ ఇంజను మొహం చూసేవట్రా?" అని చుక్కాని దగ్గర్నుంచి పెద్దనాన్న.

"నువ్వు చూసేవేంటి వలకేసి? ఎలకలు కాపురం పెట్టేయి!" అని నాన్న.

"వల సంగతి నీకెందుకు, తాడు లాగు!"

"లాగుతున్నాను! కాస్త నోరు మూస్తే ఇంజను శబ్దం వినపడతాది!"

ఇంజను అందుకుంది. పడవ మొదటి అల దాటింది, రెండోది దాటింది. నాన్న ఏదో అరుస్తున్నాడు, పెద్దనాన్న అంతకన్నా గట్టిగా అరుస్తున్నాడు. ఒడ్డున జనం నవ్వుకుంటూ ఇళ్ళకి మళ్ళారు. అమ్మ బుట్ట చంకన పెట్టుకుని, మోకాళ్ళదాకా నీళ్ళలో అలాగే నిలబడింది. పడవ చిన్నదవుతూ పోయింది. ఇంజను చప్పుడు కూడా సన్నబడింది.

"ఇంక వినపడట్లేదమ్మా, పద" అన్నాను.

"నాకు వినపడుతోందే" అంది అమ్మ. "ఇంకా తిట్టుకుంటానే ఉన్నారు."